బేతాళుడి షరతు

బేతాళ కథ మొత్తం రెండు షరతుల మీద నిలబడి ఉంటుంది. మొదటిది మౌనం. రాజు విక్రమార్కుడు చెట్టు మీది శవాన్ని దించి, భుజాన వేసుకుని, శ్మశానంలో ఎదురుచూస్తున్న సన్యాసి దగ్గరికి చేర్చాలి. దారిలో నోరు విప్పితే శవం చేజారిపోతుంది. రెండోది శవంలో ఉన్న బేతాళుడు పెట్టింది. కథ చెప్పి, చివర ప్రశ్న అడుగుతాడు. జవాబు తెలిసి కూడా చెప్పకపోతే రాజు తల పగులుతుంది. ఒక షరతు నోరు మూసుకోమంటుంది, ఇంకొకటి తెరవమంటుంది. పనితనమంతా ఆ ‘తెలిసి కూడా’ దగ్గరే ఉంది. అది లేకపోతే ఇది మామూలు పొడుపు కథ. తెలిస్తే చెబుతాడు, తెలియకపోతే ఓడిపోతాడు. అది ఉండడం వల్ల తెలివితక్కువ రాజు హాయిగా శ్మశానం చేరుకుంటాడు. విక్రమార్కుడు తెలివైనవాడు కాబట్టి మళ్ళీ మళ్ళీ వెనక్కి నడవాలి.

సిరోంచలో మరాఠీ బడికి పోయే మా చెల్లెలి కొడుక్కి ఒక పాత చందమామలోంచి బేతాళ కథ చదివి వినిపించాను. కథ సంగతి పక్కన పెట్టి, వాడు నేరుగా షరతుల మీద పడ్డాడు.

“మామా, రాజు మాట్లాడకుంటే ఏమైతది?”

“తల పలుగుతది.”

“మరి మాట్లాడితే?”

“శవం మల్ల చెట్టెక్కుతది.”

“గట్లయితే రాజుకు తెలివి లేకుంటేనే మంచిగుండు గదా!”

పత్రిక వాళ్ళు దశాబ్దాల పాటు ప్రతి నెలా నడిపిన యంత్రంలో కీలకం ఎక్కడుందో వాడు ఒక్క మాటలో పట్టేశాడు. చిన్నప్పుడు మనల్ని కట్టిపడేసిన ఇలాంటి కథల్ని, మాంత్రికుల సీరియళ్ళను, దుప్పటి కింద టార్చిలైటు పెట్టుకుని చదివిన నవలల్ని పెద్దయ్యాక మళ్ళీ తెరిస్తే ఆ భయం ఎలాగూ తిరిగి రాదు. దాని బదులు, అది ఎలా తయారైందో కనిపిస్తుంది. నాకైతే రెండోదే ఎక్కువ ఇష్టం.

సిరోంచ మహారాష్ట్రలో ఉంది, గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొసన. జిల్లా కేంద్రానికి పోవాలంటే ఆలాపల్లి అడవి దాటి దాదాపు 200 కిలోమీటర్లు ప్రయాణించాలి. కాళేశ్వరం మాత్రం గోదావరికి అవతలి ఒడ్డే. ఇళ్ళలో తెలుగు, బడిలో మరాఠీ, టీవీలో హిందీ. ఇక్కడి పిల్లలకు ఒకే కథ మూడు భాషల్లో తగిలే అవకాశం ఉండేది. బేతాళ కథలకు ఈ నదితో పాత చుట్టరికం కూడా ఉంది. 11వ శతాబ్దంలో కశ్మీరులో కూర్చుని కథాసరిత్సాగరం రాసిన సోమదేవుడు, శవాన్ని మోసే రాజును గోదావరి ఒడ్డున ఉన్న ప్రతిష్ఠానపురంలో పెట్టాడు. ఆయన రాజు పేరు త్రివిక్రమసేనుడు. విక్రమార్కుడన్న పేరు స్థిరపడింది తర్వాత. ప్రతిష్ఠానం అంటే నేటి పైఠణ్. అక్కడి నీళ్ళే నాందేడు, బాసర దాటి, కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకుని సిరోంచ పక్కగా పోతాయి.

సోమదేవుడి పని దగ్గరగా చూడాలంటే మందారవతి కథ చాలు. ఒక అమ్మాయిని పెళ్ళాడాలని ముగ్గురు యువకులు వస్తారు. ఎవరికిచ్చినా మిగతా ఇద్దరూ ప్రాణాలు తీసుకుంటారని తండ్రి తటపటాయిస్తుండగానే ఆమె జ్వరంతో చనిపోతుంది. ఒకడు శ్మశానంలో గుడిసె వేసుకుని ఆ బూడిద మీదే పడుకుంటాడు. ఇంకొకడు అస్థికలు మూటగట్టి గంగకు పోతాడు. మూడోవాడు సన్యాసియై ఊళ్ళు పట్టి తిరుగుతాడు. ఈ మూడోవాడి దగ్గర కథకుడు చాలాసేపు ఆగుతాడు. అతను ఒక ఇంట్లో భోజనానికి కూర్చుంటే, ఏడుస్తున్న పసివాణ్ణి ఆ ఇల్లాలు పొయ్యిలోకి విసిరేస్తుంది. అతను అన్నం ముట్టనంటాడు. ఇంటాయన ఒక పుస్తకం తీసి మంత్రం చదివితే బూడిదలోంచి పిల్లవాడు లేచి వస్తాడు. రాత్రి ఆ పుస్తకం ఎత్తుకొచ్చి, అదే మంత్రంతో మందారవతిని బతికిస్తాడు. ముగ్గురూ మళ్ళీ పోట్లాటకు దిగుతారు. ఆమె ఎవరి భార్య?

విన్నవాళ్ళు ఎక్కువగా మూడోవాడి పేరే చెబుతారు. చెప్పేలా అల్లారు మరి. నిప్పులో పడ్డ పిల్లవాడు, దొంగిలించిన పుస్తకం, మంత్రం, అన్నీ అతని వాటాకే వచ్చాయి. మొదటివాడికి దక్కింది బూడిద మీద పడక ఒక్కటే. రాజు జవాబు వేరేగా ఉంటుంది. ప్రాణం పోసినవాడు తండ్రి లాంటివాడు. అస్థికలు గంగలో కలిపినవాడు కొడుకు చేయాల్సిన పని చేశాడు. ఆమె బూడిదను విడవకుండా దాని మీదే పడుకున్నవాడే భర్త. ఈ జవాబులో కొత్త సమాచారం ఒక్కటి కూడా లేదు. బూడిద, అస్థికలు, మంత్రం మూడూ మనం చూస్తుండగానే బల్ల మీద పెట్టారు. మన చూపు పిల్లవాడి మీదికి పోయేటట్టు చేసి, అసలు సాక్ష్యాన్ని ఒక చిన్న వాక్యంలో దాటించారు. డిటెక్టివ్ నవల నేర్చుకున్న విద్య కూడా ఇదే. సోమదేవుడు దాన్ని శతాబ్దాల ముందే చేసి చూపాడు.

ఈ యంత్రాన్ని ఆపే పద్ధతి కూడా అందులోనే ఉంది. చివరి కథలో వేటకు వచ్చిన తండ్రీకొడుకులకు అడవిలో ఇద్దరు ఆడవాళ్ళ అడుగుజాడలు కనిపిస్తాయి. పెద్ద పాదాలావిడ తల్లి, చిన్న పాదాలది కూతురు అయి ఉండాలని ఊహించి, పెద్ద పాదాలామెను తండ్రి, చిన్న పాదాలామెను కొడుకు పెళ్ళాడాలని ముందే ఒప్పందం చేసుకుంటారు. తీరా చూస్తే పెద్ద పాదాలు కూతురివి. ఆడిన మాట తప్పకూడదు కాబట్టి తండ్రి కూతురిని, కొడుకు తల్లిని చేసుకుంటారు. వీళ్ళకు పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు? రాజుకు నిజంగానే తెలియదు. తెలియదు కాబట్టి తల పగలదు, నోరు విప్పలేదు కాబట్టి శవం జారదు. రెండు షరతులూ ఒక్కసారిగా తీరిపోతాయి. రాజును బలి ఇవ్వాలన్న సన్యాసి కుట్రను బేతాళుడు అప్పుడు బయటపెడతాడు. రాజును బతికించింది అతని తెలియనితనం.

చందమామ మాసపత్రిక. ఆగిపోయే యంత్రం దానికి పనికొచ్చేది కాదు. 1947 జులైలో తెలుగు, తమిళాల్లో మొదలైన ఆ పత్రికలో మూలంలోని కథలు అయిపోయాక కూడా బేతాళుడు చెట్టెక్కుతూనే ఉన్నాడు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా పత్రిక సంపాదకత్వాన్ని మోసిన కొడవటిగంటి కుటుంబరావు హయాంలో ఆ చట్రానికి తగ్గట్టు కొత్త కథలు తయారు కావడం అలవాటైంది. కొత్తవని పత్రిక దాచలేదు. కథ కింద బ్రాకెట్లో ‘కల్పితం’ అని చిన్న మాట ఉండేది. పిల్లల పత్రికలో అంత నిజాయితీగా ఒక మాట వేయడం నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది.

ఆ చట్రంలో మారని భాగం మనందరికీ నోటికొచ్చు. పట్టువదలని విక్రమార్కుడన్న మాట వాడుకలోకి అలాగే ఎక్కింది. మారే భాగాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. బేతాళుడు కథ మొదలుపెట్టే ముందు రాజు మీద జాలిపడి ఏదో ఒక అనుమానం వెలిబుచ్చుతాడు. ఆ అనుమానం రాబోయే కథకు సరిగ్గా అతుకుతుంది. కథలో చేతికందిన రాజ్యాన్ని కాదనుకునే యువరాజు ఉన్నాడనుకోండి; తీరా ఫలితం దక్కే వేళకు నువ్వూ దాన్ని జారవిడుచుకుంటావేమో అని బేతాళుడు రాజుతో అంటాడు. గురువును మోసం చేసే శిష్యుడి కథైతే, ఎవరి కోసం ఈ శ్రమ పడుతున్నావో వాళ్ళు నిన్ను మోసగించరని నమ్మకమేమిటని అడుగుతాడు. రెండు మూడు వాక్యాలే. పైకి చూస్తే అది శ్రమ మరిచేందుకు చెప్పే పిచ్చాపాటీ. లోపల మాత్రం శ్మశానాన్ని, కథలోని రాజ్యాన్ని కలిపే అతుకు అదే. ఆ వాక్యాలు తీసేస్తే చట్రం వేరు, కథ వేరు అయిపోతాయి.

కథ చివరి ప్రశ్న ఇంకా గట్టి పని. పాత్ర ఒకటి ఏదో వింత పని చేసి ఉంటుంది: గెలిచినవాడు బహుమతి వద్దన్నాడు, న్యాయమూర్తి నేరస్థుణ్ణి వదిలేశాడు. బేతాళుడు దానికి తనే కారణాలు ఊహిస్తాడు. పిరికితనమా, అహంకారమా, మతిమరుపా? ఆ ఊహలన్నీ చదివేవాడి బుర్రలో అప్పటికే మెదిలినవి. మనం అనుకున్నదాన్ని బేతాళుడు ముందే అనేసి మన దారి మూసేస్తాడు. ఆ తర్వాత రాజు అవే సంగతులను ఇంకో వరసలో పేర్చి చెబుతాడు. రాజు కొత్త సాక్షిని ప్రవేశపెట్టడానికి వీల్లేదు. శవాన్ని మోస్తున్నవాడికి కథ బయటి విషయం తెలిసే దారి లేదు. సాంప్రదాయిక డిటెక్టివ్ కథలకు ఇంగ్లండులో రోనాల్డ్ నాక్స్ 1929లో పది సూత్రాలు రాశాడు. డిటెక్టివ్‌కు దొరికిన ప్రతి ఆధారమూ అప్పుడే పాఠకుడికీ చూపించాలన్నది వాటిలో ఒకటి. చందమామ ఆ సూత్రాన్ని ఎక్కడా ప్రకటించలేదు. పాటించక తప్పని చట్రంలో రచయితలను కూర్చోబెట్టింది, అంతే. నెలనెలా వచ్చిన కథల్లో జవాబు బలహీనంగా ఉన్నవీ ఉన్నాయి. రాజు చెప్పింది విన్నాక ‘అంతేనా?’ అనిపించేవి. చట్రం మంచిదైనంత మాత్రాన సరుకు దానంతటదే రాదు.

శంకర్ బొమ్మ సంగతి చెప్పకుండా బేతాళుడి దగ్గర్నుంచి కదలలేం. కె.సి. శివశంకరన్ (1924–2020) వేసిన ఆ బొమ్మలో రాజు నిలబడి ఉండడు, నడుస్తుంటాడు. చేతిలో కత్తి, భుజాన శవం, చుట్టూ శ్మశానం. శవం బరువు భుజం మీద తెలియాలి. అయినా రాజు వంగిపోకూడదు. రెండూ ఒకే గీతలో సాధించాడు. తరాల పిల్లలు ఆ ఒక్క బొమ్మతోనే కథలోకి దిగారు. చందమామ మరాఠీలో ‘చాందోబా’ పేరుతో 1952 నుంచి వచ్చింది. బొమ్మలు అన్ని భాషల్లోనూ అవే, వాటి చుట్టూ అక్షరాలే మారేవి. తెలుగులో రాసిన కథ మరాఠీలోకి పోయినా బొమ్మ వదిలిన జాగాలోనే ఒదగాలి. అనువాదకుడు పొడిగించడానికి లేదు, కుదించడానికీ లేదు. పక్కపక్కన రెండు పత్రికలూ పెట్టుకుని చూస్తే ఆ కొలత తెలుస్తుంది. సరిహద్దు ఊళ్ళో పుట్టడం వల్ల ఇలాంటి లాభాలు కొన్ని ఉంటాయి.

టీవీకి వచ్చేసరికి బొమ్మ కదిలింది. రామానంద్ సాగర్ ‘విక్రమ్ ఔర్ బేతాళ్’ దూరదర్శన్‌లో 1985లో మొదలైంది. విక్రముడు అరుణ్ గోవిల్, బేతాళుడు సజ్జన్. ఆ ధారావాహిక చట్రాన్ని సాగర్ తెలివిగా వాడుకున్నాడు. శ్మశానపు దారి, చెట్టు, భుజం మీది బేతాళుడు వారం వారం ఒకటే. లోపలి కథలో మాత్రం అవే ముఖాలు కొత్త వేషాల్లో వస్తాయి. ఒక వారం రాకుమారి, ఇంకో వారం వ్యాపారి కూతురు. నాటకాల కంపెనీ పద్ధతి అది. దీపికా చిఖలియా, సునీల్ లహరి, దారాసింగ్ అందులో అలా తిరిగినవాళ్ళే. 1987 జనవరిలో ‘రామాయణ్’ మొదలైనప్పుడు అరుణ్ గోవిల్ రాముడు, దీపిక సీత, లహరి లక్ష్మణుడు, దారాసింగ్ హనుమంతుడు అయ్యారు. ఇప్పుడు చూస్తే బేతాళుడు గాల్లో ఎగిరే ట్రిక్కులు పిల్లలకు నవ్వు తెప్పిస్తాయి. సజ్జన్ గొంతు మాత్రం ఇంకా పని చేస్తుంది. కథ చెప్పేటప్పుడు తాతలా మెత్తగా, ప్రశ్న దగ్గరికి రాగానే గట్టిగా. ట్రిక్కు పాతబడినా గొంతు పాతబడదు.

చందమామలో భయపెట్టే బాధ్యత ఇంకొకరిది కూడా: దాసరి సుబ్రహ్మణ్యం (1932–2010). 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘శిథిలాలయం’, ‘యక్షపర్వతం’, ‘భల్లూక మాంత్రికుడు’ లాంటి సీరియళ్ళు రాశాడు. నెలకొక్కసారి వచ్చే సీరియల్‌కు పెద్ద శత్రువు మతిమరుపు. ముప్పై రోజుల తర్వాత పిల్లవాడికి ఎవరు ఎవరో గుర్తుండాలి. అందుకే ఆయన పాత్రల్లో ప్రతివాడికీ దూరం నుంచే ఆనవాలు పట్టగల గుర్తు ఒకటి ఉంటుంది: ఎలుగుబంటి తల, వింత వాహనం, చేతిలో దండం. చిత్రకారుడు ‘చిత్ర’ గీసిన రంగుల బొమ్మలు ఆ గుర్తులను ఇంకా గట్టి చేసేవి. ప్రతి భాగమూ ప్రమాదం అంచున ఆగుతుంది. తర్వాతి నెల ఆ ప్రమాదం కాసేపట్లోనే తేలిపోయి, అందులోంచే ఇంకొకటి మొలుస్తుంది. గంట ముందు కాపాడినవాడే ఇప్పుడు శత్రువు. కథ మొత్తం ఒక్క ఊపున చదివితే కాస్త ఊపిరాడదు. అది నెలకో ముక్కగా తినమని వండినది.

పెద్దపిల్లలయ్యాక చందమామ చేతిలోంచి జారి పాకెట్ పుస్తకం వచ్చేది. అద్దె పుస్తకాల షాపులో కొమ్మూరి సాంబశివరావు (1926–1994) నవలలకు వరస కట్టాల్సి వచ్చేది. ఆయన డిటెక్టివ్ యుగంధర్, సహాయకుడు రాజు, పోలీసు వైపు నుంచి ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు. ఈ ముగ్గురి మధ్య పని పంపకం చూడండి. యుగంధర్ చూస్తాడు, చెప్పడు. రాజు చూస్తాడు, అర్థం కాక అడుగుతాడు. మన తరపున అడిగేవాడు అతనే. స్వరాజ్యరావు చట్టబద్ధంగా పోవాల్సిన దారిలో పోతాడు. డిటెక్టివ్ ఒక్కడే ఉంటే తన ఆలోచన తనే చెప్పుకోవాలి, రహస్యం నిలవదు. రాజు పక్కనుండడం వల్ల యుగంధర్ మౌనం సహజంగా కనిపిస్తుంది. బేతాళ కథతో పోలిస్తే ఇక్కడ షరతు తిరగబడింది: తెలిసినవాడు చివరిదాకా నోరు విప్పకూడదు. కొమ్మూరి వాక్యం పొట్టిది, సంభాషణ ఎక్కువ, వర్ణన తక్కువ. ‘చావు కేక’, ‘ఉరితాడు’ లాంటి పేర్లు చూసి పెద్దవాళ్ళు ముఖం చిట్లించేవారు. లోపల మాత్రం వచనం శుభ్రంగా, ఇస్త్రీ చేసినట్టు ఉండేది.

మరాఠీ వైపు నుంచి వచ్చినవాడు ‘ఫాస్టర్ ఫేణే’. భా.రా. భాగవత్ (1910–2001) సృష్టించిన ఈ ఫుర్సుంగి కుర్రాడి అసలు పేరు బనేశ్. పుణెలో బోర్డింగు బడి, సైకిలు, పరుగు. పెద్ద డిటెక్టివ్‌కు ఉండే పిస్తోలు, కారు, పలుకుబడి ఏవీ వీడికి లేవు. కాబట్టి ప్రతి చిక్కునూ పన్నెండు పదమూడేళ్ళ పిల్లవాడి చేతికందే వస్తువులతోనే విప్పాలి. భాగవత్ తనకు తాను పెట్టుకున్న కట్టుబాటు అది. దాని వల్లే కథలో ప్రతి సైకిలు తొక్కుడుకూ విలువ వచ్చింది. 1987 ప్రాంతంలో దూరదర్శన్‌లో సుమీత్ రాఘవన్ ఈ పాత్ర వేశాడు. 2017లో సినిమా వస్తే ఫేణే పెద్దవాడైపోయాడు, దాంతో సగం అందం పోయింది.

ఆధారాలు పేర్చి ఆకారం రాబట్టే పని ఒకటి సిరోంచ తాలూకాలోనే, కల్పన కాకుండా జరిగింది. 1960ల మొదట్లో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ భూగర్భ శాస్త్రవేత్తలు ఇక్కడి ‘కోట’ అనే శిలల పొరల్లోంచి పెద్ద పెద్ద ఎముకలు తవ్వి తీశారు. దాదాపు మూడు వందల ఎముకలు, ఒక్క జంతువువి కాదు, కనీసం ఆరింటివి కలగలిసిపోయి దొరికాయి. ఏది ఎవరిదో, ఏది ఎడమో కుడో తేల్చి, కొలతలు సరిచూసి, ఒక అస్థిపంజరాన్ని నిలబెట్టారు. తల మాత్రం దొరకలేదు. 1975లో దానికి బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. తొలి తవ్వకాల ఏడాది రవీంద్రుని శతజయంతి. ఆ డైనోసార్ ఇప్పుడు కలకత్తాలోనే ఉంది. వడధం దగ్గర శిలాజాల పార్కు సిరోంచకు దగ్గరే. పిల్లలకు యుగంధర్ పద్ధతి చూపించాలంటే అక్కడికి తీసుకుపోవచ్చు.

ఇక ‘తులసిదళం’. యండమూరి వీరేంద్రనాథ్ దీన్ని 1980 ప్రాంతంలో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా రాశారు. పిల్లల కోసం రాసింది కాదు. చదివినవాళ్ళలో పిల్లలు తక్కువేమీ కాదు. తులసి అనే చిన్నారి మీద కాష్మోరా అనే క్షుద్ర ప్రయోగం. భయం రావడానికి యండమూరి వాడిన పరికరం గడువు. ప్రయోగానికి ఇన్ని రోజులని ఒక లెక్క. రోజులు గడిచే కొద్దీ బాధ పెరుగుతుంది. వారం వారం చదివే పాఠకుడికి కూడా అదే లెక్క. కథలో గడియారం, చేతిలో పత్రిక గడువు రెండూ కలిసి నడుస్తాయి. చందమామలోని ‘వచ్చే నెల’ను ఆయన ‘ఈ లోగా చనిపోతుందేమో’గా మార్చారు. భయానికి దయ్యం కన్నా తేదీ ఎక్కువ పని చేస్తుందని గ్రహించిన రచయిత ఆయన.

ఆ నవలలో నేను ఇప్పటికీ మెచ్చుకునే పని ఇంకొకటుంది. పాపను కాపాడేందుకు ఒక వైపు మంత్రం తెలిసినవాళ్ళు, ఇంకో వైపు డాక్టర్లు బయలుదేరతారు. రెండు దారులూ చివరిదాకా నడుస్తాయి. కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు ఉన్నట్టు, ఒకే జబ్బు మీద రెండు వివరణలు ఆనుకుని ఉంటాయి. మంత్రం నమ్మేవాడికి కావలసిన రుజువు ఉంది, నమ్మనివాడికి కావలసిన వైద్యమూ ఉంది. ఇది రాయడం తేలిక కాదు. ప్రతి సంఘటననూ రెండు వైపుల నుంచీ సరిపోయేలా కొలవాలి. ఒక్క చోట కొలత తప్పితే ఒక దారి మూసుకుపోతుంది. పనివాడిగా యండమూరికి నా దండం.

పనితనాన్ని మెచ్చుకోవడం వేరు, అది ఎక్కడ పని చేస్తుందో మరిచిపోవడం వేరు. రంగనాయకమ్మ ఈ నవలను ‘గంజాయి దమ్ము’ అంటూ ఒక పుస్తకమే రాశారు. అప్పట్లో ఆమె కోపం నాకు అతిగా తోచింది. ఇప్పుడు అలా తోచదు. మా వైపు ఊళ్ళలో చేతబడి, భానామతి అనే మాటలు నవల అట్టల మీదే ఉండవు. ముసలమ్మల మీద, ఒంటరి ఆడవాళ్ళ మీద పడుతుంటాయి. సైన్సు దారి ఎంత బాగా రాసినా, రెండు దారులూ సమానమేనని కథ ఒప్పుకుంటే నమ్మేవాడు తన దారే పట్టుకుపోతాడు. మహారాష్ట్ర ప్రభుత్వం నరబలి, అఘోరీ పద్ధతులు, చేతబడి వంటి అమానుష ఆచారాలను నేరంగా చేసే చట్టాన్ని 2013లో తెచ్చింది. దానికోసం ఏళ్ళ తరబడి పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ను ఆ ఏడాది ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపారు. సిరోంచ ఆ చట్టం కిందికే వస్తుంది. అందుకే ఈ నవలను పెద్దపిల్లలకు ఇచ్చేటప్పుడు ఊరికే ఇవ్వను. డాక్టర్ల అధ్యాయాలను నెమ్మదిగా చదవమంటాను.

బేతాళ కథలకు ఆ గొడవ లేదు. దయ్యం అక్కడ ప్రశ్నలడిగేవాడు మాత్రమే. శవంలో ఉన్నా తర్కానికే లొంగుతాడు, సరైన జవాబు వస్తే పేచీ పెట్టకుండా ఒప్పుకుంటాడు. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ చదివినా పని చెడని కథలు ఏవని నన్నడిగితే మొదట వాటినే చూపిస్తాను. మందారవతి కథ చివర మిగతా ఇద్దరి గతేమిటని మా మేనల్లుడు అడిగాడు. సోమదేవుడు చెప్పలేదు. వాడికి అది పెద్ద లోపంగా కనిపించింది, వాడన్నదీ నిజమే.

పాత చందమామ సంచికలు మీ ఇంట్లో ఉంటే, లేదా గ్రంథాలయంలో బైండు కట్టి ఉంటే, ఒకటి తీసి బేతాళ కథ పిల్లలకు పైకి చదివి వినిపించండి. రాజు జవాబు చెప్పే చోట అరచేయి అడ్డం పెట్టండి. వాళ్ళను చెప్పమనండి. ఏం చెప్పినా ఒప్పుకోండి, తల పగులుతుందని బెదిరించకండి. తర్వాత చేయి తీసి రాజు మాట చదవండి. ఆ జవాబుకు ఆధారం కథలో ఏ వాక్యంలో దాగుందో వాళ్ళనే వెనక్కి వెళ్ళి వెతకమనండి. దొరికితే పెన్సిలుతో దాని కింద గీత గీయనివ్వండి. పుస్తకం గ్రంథాలయానిదైతే మాత్రం వద్దు.